ముల్లుగారి సున్నా

ఇనుప తూనికరాళ్ళు అరచేతుల్లో అరిగి అరిగి బరువు కోల్పోయే కాలంలో పుట్టి, ఇత్తడి పళ్ళేల తరాజులు గొలుసుల మీద ఊగుతూ బజారంతా గలగలలాడే కాలంలో తూనికలు కొలతల శాఖ కొలువులో చేరి, ఆ గొలుసులు పోయి స్ప్రింగు కాటాలూ, ఆ స్ప్రింగులు పోయి ఎర్రంకెలు వెలిగే పెట్టెలూ వచ్చిన ముప్పయ్యెనిమిదేళ్ళ పొడుగునా ఇతరుల తూకాలలోని తప్పొప్పులు తేల్చి, పదవీ విరమణ చేసిన మరునాటి ఉదయం కూడా అలవాటు తప్పక పాలదుకాణం కొలపాత్రలోకి తొంగిచూసి వచ్చిన ఆ పెద్దమనిషికి, డెబ్బైమూడో ఏట, ఒకానొక మంగళవారం నాడు, జీవితంలో మొట్టమొదటిసారిగా తానే తూకానికి కూర్చోవలసిన ఘడియ వచ్చింది.

బజారు ఆయన్ను ముల్లుగారు అనేది. తరాజు నడుమ నిటారుగా నిలిచి మొగ్గు ఎటున్నదో చూపే ముల్లువంటి మనిషి అని గౌరవంతో అన్నవారు కొందరు. అరికాలిలో దిగబడే ముల్లని కసికొద్దీ అన్నవారు ఇంకొందరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. రెండు వర్గాలనూ ఆయన సమదృష్టితోనే చూచేవారు. తప్పు దొరికితే రెండు వర్గాల కాటాలకూ జప్తు సీలు వేసేవారు.

దుకాణంలో అడుగు పెట్టగానే ఆయన దుకాణదారు ముఖం చూచేవారు కారు, ఖాళీ పళ్ళెం చూచేవారు. ఏమీ పెట్టనప్పుడు కాటా ఏం చెబుతోందన్నది మొదటి పరీక్ష. ఆ తరువాత ముఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలోంచి ఇత్తడి గుండు ఒకటి తీసి, పళ్ళెం నడుమ ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు పెట్టి చూచేవారు. "నాయనా, నడుమ నిజం చెప్పి మూలకు పోయాక అబద్ధమాడే కాటా కూడా దొంగ కాటాయే," అని ఎంతో వాత్సల్యంతో చెబుతూనే సీలు వేసేవారు. దుకాణదారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మంచినీళ్ళు తెప్పించేవారు. సీలు మాత్రం తీసేవారు కారు.

విరమణ తరువాత ఈ ప్రతాపమంతా వీధి చివరి కూరగాయల దుకాణానికి పరిమితమైంది. ఆ దుకాణం కాటా తండ్రి హయాంలో మూడుసార్లు జప్తయినదే. ఇప్పుడు నడిపే కొడుకు బుద్ధిమంతుడు, తూకంలో వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాడు. అయితే ముల్లుగారు వస్తున్నట్టు దూరాన కనబడితే చాలు, పళ్ళెం కింద చిన్న ఇనుపబిళ్ళ ఒకటి దూర్చి ఏమీ ఎరగనట్టు నిలబడేవాడు. ముల్లుగారు గుమ్మంలోనే ఆగి, "నలభై గ్రాములు! తియ్యి దాన్ని!" అని గర్జించేవారు. అతడు లేని వణుకు తెచ్చుకుని బిళ్ళ తీసి, జరిమానా కింద ఒక నిమ్మకాయ సమర్పించుకునేవాడు. పదేళ్ళకు పైగా నడిచిన నాటకమది. అది ఎనిమిది నెలల కిందట ఆగిపోయింది. ఆగిందన్న సంగతి ఇంట్లో ఎవరి దృష్టికీ రాలేదు, ఎందుకంటే అప్పటికే ఇంట్లో ఇంకా చాలా ఆగిపోతున్నాయి.

మొదట వార్తాపత్రిక మడత విప్పకుండా బల్లమీద పడి ఉండటం మొదలైంది. తరువాత సాయంకాలం పార్కు బెంచీ మీద ఆయన చోటు ఖాళీ అయింది. కడుపులో బరువుగా ఉన్నదంటూ భోజనం మధ్యలో లేచిపోయేవారు. చొక్కా కాలరులో రెండు వేళ్ళు దూరేంతగా మెడ సన్నబడింది. తెల్లవారకముందే మెలకువ వచ్చి మంచం అంచున కూర్చుండిపోయేవారు. తాళంచెవి తలుపుకే వదిలివేయడం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం కూడా తోడయ్యాయి. విచారంగా ఉందా అని అడిగితే లేదనేవారు. అది అబద్ధం కాదు. ఆయనకు విచారం లేదు, సంతోషమూ లేదు. అసలు ఏదీ లేదు.

కన్ను, చెవి మొదలైన పది ఇంద్రియాలకు పైన పదకొండవదిగా మనస్సును పెద్దలు లెక్కించారు. కంటికి పొర వస్తే పదిమందికీ కనబడుతుంది. ఆ పదకొండవదానికి పొర కమ్మితే మాత్రం ఇంటివారి కళ్ళకు అది అచ్చం వయస్సులాగానే కనబడుతుంది. ముల్లుగారి ఇంట జరిగిందీ అదే.

"నాన్నా, తాళంచెవి ఎక్కడ పెట్టావు?" అని అడిగింది కూతురు ఒకనాటి ఉదయం. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. తండ్రి దగ్గరినుంచి సంక్రమించిన ముక్కుసూటితనం ఆమెకు పుష్కలంగా ఉంది.

"గుర్తులేదు."

"నిన్న పాలు మాడబెట్టావు. అదైనా గుర్తుందా?"

"లేదనుకో."

"అనుకోవడమేమిటి నాన్నా! ఉందా, లేదా?"

"నీకేది సులువైతే అది అనుకో తల్లీ."

వంటింట్లోంచి ఇల్లాలు అందుకున్నది. "ఆయన్ని అని ఏం లాభమే? మా మామగారూ అంతే. డెబ్బై దాటాక గోడతోనే మాట్లాడేవారు."

మునుపటి ముల్లుగారైతే 'మా నాన్న తెలివైనవాడు, ఎదురు చెప్పనిదాన్ని వెతుక్కున్నాడు' అని ఠకీమని అనేసేవారు. భార్య ఆ జవాబు కోసమే గరిటె చేతపట్టుకుని ఒక క్షణం ఆగింది కూడా. ఆయన గోడవైపు చూసి ఊరుకున్నారు.

కూతురు ఇక తాత్సారం చేయలేదు. "మంగళవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, అమ్మా నువ్వూ. నర్సమ్మగారితో మాట్లాడాను. మతిమరుపు జబ్బని తేలిందా, నాన్న ఒంటరిగా గడప దాటేది లేదు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఏదైనా జరగరానిది జరిగితే నేను తట్టుకోలేను."

ఆ మాట ముల్లుగారి లోపల ఎక్కడో గుచ్చుకున్నది. తన మతి పోయిందని ఆయనకు అప్పటికే నమ్మకం కుదిరింది. పోయింది పోనీ, దాన్ని ఎవరో కాగితం మీద రాసి ముద్ర వేయడం మాత్రం ఆయనకు సమ్మతం కాలేదు. ముప్పయ్యెనిమిదేళ్ళు ఎవరి అనుమతీ అడగకుండా వీధులన్నీ కొలిచిన పాదాలకు ఒక తాళంచెవి కూడా దక్కకుండా పోవడమా! ఆ కాగితం మీద తనకు వ్యతిరేకంగా ఒక్క గీత కూడా పడనివ్వకూడదని ఆయన నిశ్చయించుకున్నారు.

ఆరోగ్య కేంద్రంలో నర్సుగారి గది పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టెలా ఉన్నది. గోడమీద పళ్ళు తోముకునే విధానం బొమ్మలుగా, మూలన బరువు చూచే యంత్రం, బల్ల కాలు కింద నాలుగు మడతల అట్టముక్క. నర్సుగారికి యాభై దాటి ఉంటాయి; కళ్ళద్దాలు దారానికి వేలాడుతూ రొమ్ము మీద ఊగుతున్నవి. మంగళ, శుక్రవారాల్లో వృద్ధులను చూడటం ఆమె పని.

"కూర్చోండి బాబాయిగారూ. పిన్నిగారూ, మీరూ కూర్చోండి. ఇదుగో, ఇందులో పదిహేను ప్రశ్నలున్నాయి. పోయిన వారం రోజులూ మీకెలా ఉందో దాన్నిబట్టి అవునో కాదో చెప్పాలి, అంతే. పాసూ లేదు, ఫెయిలూ లేదు."

ముల్లుగారు చేయి చాపి కాగితం తీసుకున్నారు. ముందూ వెనకా తిప్పి చూశారు. "దీనికి ముద్ర ఏది?"

"ఏ ముద్ర బాబాయిగారూ?"

"కొలిచే వస్తువు ఏదైనా సరే, దాన్ని పరీక్షించిన తేదీ, పరీక్షించినవాడి ముద్ర ఉండాలి. లేకపోతే చెల్లదు."

నర్సుగారు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం అంచు పరీక్షగా చూసింది. "టీ మరక ఉంది. సరిపోతుందా?"

"ఆయన మాటలు పట్టించుకోకమ్మా," అన్నది ఇల్లాలు. "కాపురానికొచ్చిన కొత్తలో నన్నూ ఇలాగే నాలుగు పక్కలా తిప్పి చూశారు."

"ఇందులో తప్పు ఎంతవరకు రావచ్చు?" అని ముల్లుగారు వదలలేదు.

"వస్తుంది. అందుకే దీనితోనే ఏదీ తేల్చం. ఇది జల్లెడ లాంటిదనుకోండి. మార్కులు ఐదు దాటితే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడతాం, రక్తం పరీక్షిస్తాం, వాడుతున్న మందులు చూస్తాం, ఆ పైన డాక్టరుగారు నిర్ణయిస్తారు."

ఐదు. ఆ అంకె ముల్లుగారి చెవిన పడనే పడింది. ఏ జవాబుకు ఆమె కలం గీత గీస్తుందో, దేనికి ఊరకుంటుందో కాగితం తిప్పి చూచినప్పుడే ఆయనకు కరతలామలకమైంది. బొటనవేలితో పళ్ళెం అంచు నొక్కే వర్తకుల్ని వందలమందిని చూచిన కళ్ళవి. వాళ్ళ విద్య ఈనాడు అక్కరకు వచ్చింది.

"ఇదివరకు ఇష్టంగా చేసే పనులు మానుకున్నారా?"

"లేదు."

ఇల్లాలి తల గిర్రున ఆయనవైపు తిరిగింది.

"రోజులు ఖాళీగా గడుస్తున్నట్టు ఉందా?"

"లేదు. నిండుగా ఉన్నాయి."

"దేనితోనండీ?" అన్నది ఇల్లాలు.

"నువ్వూరుకో. ఇక్కడ సాక్షులకు ప్రవేశం లేదు."

"రోజులో ఎక్కువసేపు ఉల్లాసంగా ఉంటున్నారా?"

"ఉంటున్నాను," అన్నారు ముల్లుగారు, పన్ను పీకించుకోవడానికి నోరు తెరచినవాడి ముఖంతో.

పదిహేనూ అయ్యాయి. నర్సుగారు కూడిక వేసింది. కూడడానికి ఏమీ లేదు. "సున్నా," అన్నది.

ఎనిమిది నెలల తరువాత ముల్లుగారికి తృప్తి వంటిది ఏదో కలిగింది. అది మరునిమిషంలోనే చల్లారిపోయింది.

"పదకొండేళ్ళుగా ఈ కాగితం నింపుతున్నాను బాబాయిగారూ," అన్నది నర్సుగారు కలం బల్లమీద పెడుతూ. "డెబ్బై దాటినవాళ్ళలో సున్నా తెచ్చుకున్నవాళ్ళు మీతో కలిపి ఇద్దరే."

"ఆ రెండోవారెవరు?"

"పాపం, చెవులు వినపడని ఒక ముసలమ్మ. ఏమడిగినా 'చల్లగా ఉండు తల్లీ' అంది."

తరువాత జ్ఞాపకశక్తి పరీక్ష. బొటనవేలి విద్య ఇక్కడ పనికిరాదు, పోయిన మతిని వెతకడానికి ఆయనకు ఓపికా లేదు. ఇవాళ తేదీ ఏమిటంటే ముల్లుగారు తెలియదన్నారు. వారమంటే తెలియదన్నారు. కాస్త ఆలోచించమంటే, "తెలియదన్నాను కదమ్మా," అన్నారు. నర్సుగారు వాదించలేదు. దారానికి వేలాడే కళ్ళద్దాలను కొంగుతో తుడుచుకుంటూ, తనకు లోకంలో ఇంకే పనీ లేనట్టు కూర్చున్నది. ఒక నిమిషం గడిచింది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ముల్లుగారు తేదీ చెప్పారు, వారం చెప్పారు, గోడగడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందని కూడా చెప్పారు. గుర్తుపెట్టుకోమన్న ఐదు మాటల్లో మూడు చెప్పి, మిగిలినవాటికి ప్రయత్నమైనా చేయకుండా చేతులు ఒడిలో పెట్టుకున్నారు.

నర్సుగారు కాగితం చివర ఏదో రాసుకుని, రక్తం తీసి, శుక్రవారం మళ్ళీ రమ్మన్నది. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని తెమ్మన్నది. లేచేముందు ఇల్లాలిని అడిగింది: "పిన్నిగారూ, ఇంట్లోవాళ్ళు కాక బాబాయిగారిని తరచూ చూసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? మనకు అలవాటైపోయిన తేడా బయటివాళ్ళకు తొందరగా తెలుస్తుంది."

"ఎవరున్నారమ్మా, ఆ కూరగాయల దుకాణం అబ్బాయి తప్ప!"

ఆరోగ్య కేంద్రం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే ఆ దుకాణం. ఇల్లాలు సరాసరి అక్కడికే దారితీసింది. ముల్లుగారు బంగాళాదుంపల బుట్ట పక్కన, తన సంగతి కానట్టు నిలబడ్డారు.

"అబ్బాయ్, దాచకుండా చెప్పు. మీ సార్‌లో నీకేమైనా తేడా కనబడుతోందా?"

దుకాణదారు చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "నేనే వచ్చి చెబుదామనుకుంటున్నానమ్మగారూ. మీరేమనుకుంటారోనని..." అని నసిగి, ముల్లుగారి వైపు తిరిగాడు. "సార్, ఒక్కసారి కాటా చూడండి. ఎంతుంది?"

"అరవై."

"పళ్ళెంలో ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండా అరవై ఎలా వచ్చింది సార్?"

"పళ్ళెం కింద బిళ్ళ పెట్టి ఉంటావు."

"పెట్టాను! మరి అరవరేం?" దుకాణదారు గొంతు దాదాపు ఏడుపులోకి దిగింది. "ఎనిమిది నెలల నుంచీ పెడుతూనే ఉన్నాను సార్. నలభై మీ కంటికి ఆనలేదేమోనని యాభై చేశాను. ఉహుఁ. అరవై చేశాను. పోయిన నెల తెగించి రెండు వందలు పెట్టాను. మీరు నిమ్మకు నీరెత్తినట్టు వెళ్ళిపోయారు. మీ వెనకాల వచ్చిన ఎదురింటావిడ పట్టుకుంది. నన్నూ, మా నాన్ననూ, మా తాతనూ కలిపి దులిపేసింది. ఇప్పుడు వీధంతా నన్ను దొంగంటున్నారు సార్, మీ మూలంగా!"

"అయ్యో, చూపు కూడా మందగించిందన్నమాట," అన్నది ఇల్లాలు బుగ్గన చేయి పెట్టుకుని. "లేకపోతే చూసి కూడా మరిచిపోతున్నారేమో."

"చూశాను," అన్నారు ముల్లుగారు.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

"మొదటి మూడు వారాలు నలభై. ఆ తరువాత యాభై, రెండు నెలలు. వానలు పట్టిన వారం డెబ్బై ఉంది, ఎందుకంటే తడిగుడ్డ మడిచి పళ్ళెం కిందనే వదిలేశావు. రెండు వందలు పెట్టింది పోయిన నెల రెండో శనివారం. ఆ రోజు గళ్ళచొక్కా వేసుకున్నావు, పై బొత్తం లేదు."

దుకాణదారు నోరు వెళ్ళబెట్టాడు. ఇల్లాలి చేతిసంచి నెమ్మదిగా నేలమీదికి జారింది.

"అన్నీ చూసి మరి ఎందుకు ఊరుకున్నారండీ?"

కళ్ళు చూశాయి, జ్ఞాపకం భద్రపరిచింది, గర్జించవలసినవాడే లోపల లేచి రాలేదు. ఈ సంగతి ఆయన ఇంతవరకు తనకు తానైనా చెప్పుకొని ఉండలేదు.

"చెప్పబుద్ధి కాలేదు," అన్నారు చివరకు. "అరవై అయితేనేం, ఆరు వందలైతేనేం అనిపించింది. పత్రిక చూసినా అంతే. నీ వంట తిన్నా అంతే. తలుపుకి తాళంచెవి ఉందని తెలుస్తూనే ఉంటుంది, చేయి చాపి తీయడానికి... ఏమో. అది కొండెక్కడంలా ఉంటుంది."

ఇల్లాలు ఈసారి పరిహాసమాడలేదు. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన తన లోపలి మాట ఇంత పొడుగ్గా చెప్పడం ఆమె వినలేదు. వంగి సంచి తీసుకున్నది.

"శుక్రవారం ఆవిడకు చెబుదాం లెండి. అన్నీ చెబుదాం."

"శుక్రవారం దాకా ఎలా?" ముల్లుగారి చూపు కాటా మీద ఉన్నది. "అక్కడ ఆ కాగితంలో నా పేరిట సున్నా ఉంది. మనిషి ఎక్కి కూర్చున్నా సున్నా చూపించే కాటా దొరికితే నేనేం చేసేవాణ్ణి?"

"సీలు వేసేవారు," అన్నాడు దుకాణదారు, అనుభవపూర్వకంగా.

ముల్లుగారు వెనక్కి తిరిగారు. ఇల్లాలు వెంట బయలుదేరింది. ఆరోగ్య కేంద్రం వసారాలో బల్ల చూపించి, "నువ్వు ఇక్కడ కూర్చో," అన్నారాయన. "నువ్వు పక్కనుంటే నేను నిబ్బరం నటిస్తాను." నిజం చెబితే తాళంచెవి పోతుందేమోనన్న భయం అప్పటికీ ఆయన్ను విడిచిపెట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి, చొక్కా సర్దుకుని, లోపలికి నడిచారు.

నర్సుగారు భోజనపు డబ్బా మూత అప్పుడే తీసింది. "బాబాయిగారూ! శుక్రవారం కదా రమ్మన్నాను?"

"పొద్దున దొంగ తూకం ఇచ్చానమ్మా. సరిచేసుకోవడానికి వచ్చాను."

ఆమె డబ్బా మూత పెట్టేసింది. కొత్త కాగితం తీసింది. ఈసారి ప్రశ్నలు త్వరగా సాగలేదు. ఒక్కొక్కదాని దగ్గర ముల్లుగారు ఆగి, ముల్లు ఊగడం మానేదాకా వేచి చూచినట్టు వేచి చూచి, అప్పుడు చెప్పారు. మధ్యలో కూరగాయల దుకాణం ఉదంతం కూడా చెప్పారు. గళ్ళచొక్కా దగ్గర నర్సుగారికి నవ్వు ఆగలేదు.

కాగితం అయిపోయాక ఆమె కలం పక్కన పెట్టి, గొంతు ఏమాత్రం మార్చకుండా అడిగింది: "ఇంకొకటి అడుగుతాను. ఇది అందరినీ అడుగుతాను. బతికి ప్రయోజనం లేదనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?"

"తెల్లవారి లేవకపోతే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు. దేవుడి తోడు."

"నమ్ముతాను. ఆ ఆలోచన మళ్ళీ వచ్చినా, ముదిరినా, వేళ కాదని చూడకుండా పిన్నిగారికో నాకో చెప్పాలి. మాటివ్వండి."

ఆయన మాటిచ్చారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకు కోపం రాలేదు. ఎవరో ఎంతోకాలంగా బిగిసిపోయిన కిటికీ తెరిచినట్టయింది.

"పదకొండు," అన్నది నర్సుగారు.

ముల్లుగారు తల దించుకున్నారు. "అంటే మతి పోయినట్టేనా?"

"మతికేం బాబాయిగారూ! ఎనిమిది నెలల గ్రాములు వారాలవారీగా అప్పజెప్పినవారికి మతిమరుపని రాస్తే నన్ను ఉద్యోగం నుంచి పంపించేస్తారు. మతిమరుపున్నవాళ్ళు చాలామంది తెలియనిది కూడా తెలుసంటారు. మీరు తెలిసినదాన్ని తెలియదంటున్నారు. ఇది దిగులు జబ్బు. పెద్దవయసులో ఇది ఏడుస్తూ రాదు. కడుపునొప్పిగా వస్తుంది, నిద్రలేమిగా వస్తుంది, మరుపులా వస్తుంది. ఇంట్లోవాళ్ళేమో ముసలితనమనుకుంటారు. ముసలితనానికి మందు లేదు బాబాయిగారూ, దీనికి ఉంది."

"నువ్వు ఖాయంగా చెబుతున్నావా?"

"నేను కాదు, డాక్టరుగారు చెప్పాలి. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా మనసు కుదుటపడ్డాక మళ్ళీ పెడతాం. ఒక్కసారి తూచి వదిలేస్తామా?"

ఈ చివరిమాట ముల్లుగారికి ఎంతగానో నచ్చింది. వీళ్ళకు పద్ధతి తెలుసు అనుకున్నారు.

శుక్రవారం డాక్టరుగారు చూశారు. రక్తంలో ఒక విటమిను తగ్గిందన్నారు, దానికి సూదులు రాశారు. థైరాయిడు సరిగా ఉందన్నారు. దిగులుకు ఒక చిన్న మాత్ర మొదలుపెట్టి, నెల దాకా ఫలితం కోసం తొందరపడవద్దన్నారు. వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడించే ఆవిడ దగ్గరికి పంపారు. రోజూ నడవమన్నారు, ఒంటరిగానైనా సరే. ఆ మాట విని, వెంట వచ్చిన కూతురు, సంగతి తేలేదాకా తన సంచిలో ఉంచుకున్న తాళంచెవి తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. "నేను పొరబడ్డాను నాన్నా," అన్నది. "కళ్ళజోడు అక్కర్లేనివాడికి కళ్ళజోడు పెట్టబోయాను." ముల్లుగారు ఆమె తలమీద చేయి వేశారు.

బాగుపడటం తిన్నని దారిలో వచ్చిందని చెబితే అతిశయోక్తి అవుతుంది. మొదటి రెండు వారాలు మాత్ర కడుపులో తిప్పింది. మూడో వారం ఆయన మాత్రను బల్లమీద పెట్టి, "ఇది పనిచేయడం లేదు, మానేస్తాను," అన్నారు. "మానండి, నేనూ వంట మానేస్తాను," అన్నది ఇల్లాలు. మాట్లాడించే ఆవిడ గదిలో మొదటి మూడు వారాలూ ఇద్దరూ మౌనవ్రతమే పాటించారు. నాలుగో వారం ఆమె పొరపాటున స్ప్రింగు కాటాలు మంచివా గొలుసు తరాజులు మంచివా అని అడిగింది. తలుపు బయట వేచి ఉన్నవాళ్ళు ఆ రోజు గంటన్నర వేచి ఉండవలసి వచ్చింది.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టు," అన్నారు.

"ఏమన్నారూ?"

"చెవుడా? ఇంకొంచెం పెట్టమన్నాను."

"చెవుడు కాదు," అన్నది ఇల్లాలు, పెట్టబోతూ ఆగి. "ఆ మాట విని తొమ్మిది నెలలు దాటింది. రెండోసారి కూడా వినాలనిపించింది." ఆమె కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది, ఆయన కంచం అలాగే పట్టుకుని, అదేమిటో తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

మూడు నెలలు నిండాక జ్ఞాపకశక్తి పరీక్ష మళ్ళీ పెట్టారు. ఐదు మాటలూ వరసగా చెప్పి, పాత కాగితంలో అడిగిన ఐదు మాటలు కూడా కావాలా అని అడిగారు ముల్లుగారు. తరువాత పదిహేను ప్రశ్నలు. ఈసారి ఇల్లాలు పక్కనే కూర్చున్నది. ఆమెను బయటికి పంపవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

"ఇతరులు మీకంటే హాయిగా ఉన్నారనిపిస్తుందా?"

"ఇప్పటికీ అనిపిస్తుంది. రాసుకో."

"అయ్యో, అదెందుకండీ చెప్పడం? నాలుగుకు చేరింది!" అన్నది ఇల్లాలు, పరీక్ష రాస్తున్న పిల్లవాడి తల్లిలా.

"నాలుగుంటే నాలుగే ఉండాలి. తెల్లవారుజామున ఇంకా మెలకువ వస్తోంది, అదీ రాసుకో అమ్మా, అది నీ ప్రశ్నల్లో లేకపోయినా సరే."

నర్సుగారు రాసుకున్నది. మాత్ర ఇంకా కొన్నాళ్ళు వాడాలన్నది, హఠాత్తుగా మానవద్దన్నది. ముల్లుగారు తలూపి, వసారాలోకి వచ్చి, భార్యను బస్సు దగ్గర విడిచి, తాను మాత్రం నది పక్క పొడుగు దారి పట్టి ఒక్కరే నడిచి వెళ్ళారు. చీకటి పడకముందే ఇంటికి చేరారు.

సర్వాంతర్యామియైన ఆ పరమాత్ముడు ఈ పెద్దమనిషి ఉదయాలను తేలికపరచి, ఆయన కంటిమీది వేకువ కునుకును తిరిగి అనుగ్రహించుగాక. ఆ ఇల్లాలి మాటకు ఎదురుమాట ఎన్నటికీ కొరవడకుండుగాక. ఆ కూతురి మనస్సులోని బెంగ మంచులా కరిగి, చేపట్టిన పనులన్నీ చేతికి అందివచ్చుగాక. ఆ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, నిండు నూరేళ్ళూ ఆయురారోగ్యాలతో, చల్లని నీడలో వర్ధిల్లుదురుగాక.